శబ్దం రాకపోతే నాకింగ్ లేనట్టేనా? రీమ్యాప్ చేయించిన కార్ల గురించి అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఏ సౌండూ రావట్లేదు, బండి సూపర్‌గా లాగుతోంది, ఇంక లాగ్స్ ఎందుకు?" రీమ్యాప్ (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించడం) చేయించుకున్నవాళ్ల నోట మళ్లీ మళ్లీ వినే మాట ఇది. లాగ్ అంటే బండి లాగుతున్నప్పటి ఇంజిన్ రీడింగుల రికార్డు. ఇంజిన్లు పోయేదీ ఎక్కువగా ఈ నమ్మకం వల్లే, కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి భగ్గుమనడం) ఉంటే చెవికి తెలుస్తుంది.

వాస్తవం: తక్కువ ఆర్‌పీఎంలో, పెద్ద గేర్‌లో ఘాట్ ఎక్కిస్తున్నప్పుడు తెలిస్తే తెలియొచ్చు. ఫుల్ త్రాటిల్‌లో 5000 దాటాక, పెద్ద ఎగ్జాస్ట్, ఓపెన్ ఫిల్టర్, టైర్ల మోత మధ్య దాదాపు తెలియదు, ఇంజిన్‌ని తినేసే నాకింగేమో అక్కడే ఉంటుంది. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట చేరేలోపే మూలన మిగిలిన పెట్రోల్-గాలి మిశ్రమం తనంతట తాను భగ్గుమంటే ప్రెషర్ తరంగాలు సిలిండర్ గోడల్ని కొడతాయి. 74.5 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్‌లో ఆ మోత సుమారు 7.7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. బ్లాక్‌కి బిగించిన నాక్ సెన్సార్ వెతికేది ఆ కంపనం కోసమే.

ఒక కుర్రాడు మూడు సిలిండర్ల టర్బో కారు తెచ్చాడు, ఐడిల్‌లో వణుకు, ఆయిల్ తాగుతోంది. ప్లగ్స్ విప్పి భూతద్దం పెట్టి చూస్తే ఒకదాని తెల్ల పింగాణీ మీద నల్లటి చుక్కలు, వాటి మధ్య మెరిసే సన్నటి రవ్వలు. ఆ మెరుపు పిస్టన్ అల్యూమినియం. పిస్టన్ బయటికి తీస్తే రింగుల మధ్య గట్టు విరిగిపోయి ఉంది. "ఒక్కసారి కూడా శబ్దం రాలేదన్నా" అన్నాడు, నిజమే చెప్పాడు పాపం. ఈఎంఐ ఇంకా నడుస్తున్న కారది. మ్యాప్ వేసినవాళ్లు ఒక్క లాగ్ కూడా అడగలేదంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

లాగ్ తీయడం పెద్ద పనేం కాదు. కారు ఓబీడీ పోర్ట్‌కి (ఇంజిన్ కంప్యూటర్ డేటా చదివే సాకెట్) రీడర్ పెట్టి, డైనో (బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద మూడో గేర్‌లో 2000 ఆర్‌పీఎం నుంచి పైదాకా ఫుల్ త్రాటిల్‌లో ఒక పుల్, అంతే. ఆర్‌పీఎం, బూస్ట్ (టర్బో ప్రెషర్), ఇన్‌టేక్ టెంపరేచర్ (లోపలికెళ్లే గాలి వేడి), ఏఎఫ్ఆర్ (గాలి-ఇంధనం నిష్పత్తి), అన్నిటికంటే ముఖ్యంగా సిలిండర్ వారీగా టైమింగ్ రిటార్డ్ (నాక్ వల్ల ప్లగ్ స్పార్క్‌ని ఎన్ని డిగ్రీలు ఆలస్యం చేస్తోందో) రికార్డ్ చేయండి. డిసెంబర్ పొద్దున తీసిన లాగ్ మే నెల మధ్యాహ్నానికి పనికిరాదు, ఎండాకాలం మళ్లీ తీయాల్సిందే.

అపోహ: సెన్సార్ ఉందిగా, ఈసీయూనే (ఇంజిన్ కంప్యూటర్) చూసుకుంటుంది.

వాస్తవం: నాక్ జరిగాకే అది టైమింగ్ వెనక్కి లాగుతుంది, అదీ ఒక హద్దు వరకే. పైగా ఫోర్జ్‌డ్ పిస్టన్లు, గట్టి ఇంజిన్ మౌంట్లు వేస్తే సెన్సార్ మామూలు చప్పుడునే నాక్ అనుకోవచ్చు. అప్పుడు కొందరు ట్యూనర్లు సెన్సార్ సెన్సిటివిటీ తగ్గించేసి "ప్రాబ్లం సాల్వ్" అంటారు. దయచేసి ఒప్పుకోకండి. అది నిజమైన నాకో కాదో తేల్చడానికి మేం రాగి గొట్టం ఒక చివర చదును చేసి, బెజ్జం వేసి బ్లాక్‌కి బోల్ట్ చేసి, రెండో చివర నుంచి రబ్బరు ట్యూబు ఇయర్‌మఫ్‌లోకి పెట్టి డైనో మీద వింటాం. నిజమైన నాక్ అయితే రేకు మీద కంకర విసిరినట్టు టిక్ టిక్‌మని విడిగా తెలిసిపోతుంది. సెన్సార్ బోల్ట్ కూడా కంపెనీ చెప్పిన టార్క్‌కే బిగించాలి, చేతి అంచనాతో బిగిస్తే రీడింగే తప్పుతుంది.

మిగతావి గబగబా. 100 ఆక్టేన్ పోస్తే పవర్ పెరుగుతుందా? ఆక్టేన్ అంటే నాక్‌ని తట్టుకునే శక్తి, అంతే, మ్యాప్ దాన్ని వాడుకుంటేనే లాభం. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్)తో నాకింగ్ పెరుగుతుందా? ఇథనాల్ నాక్‌ని తగ్గించే సరుకు, మీరు చూసుకోవాల్సింది ఇంజెక్టర్లు సరిపడా ఇంధనం ఇస్తున్నాయా లేదా అని. వాట్సాప్ ఫార్వర్డ్‌లు పక్కన పెట్టండి.

ఇక లాగ్‌లో ఒకచోట 2 డిగ్రీల రిటార్డ్ కనపడగానే నిద్రపోని వాళ్లు ఉంటారు, మీకే చెప్తున్నా, టెన్షన్ వద్దు. టర్బో కార్లలో అప్పుడప్పుడు అంత కనపడటం మామూలే. ఒకే సిలిండర్‌లో ప్రతి పుల్‌లోనూ 5, 6 డిగ్రీలు లాగుతుంటే మాత్రం ఫుల్ త్రాటిల్ ఆపేసి స్టాక్ మ్యాప్‌కి (కంపెనీ ఇచ్చిన అసలు సెట్టింగులకి) వెళ్లండి, తర్వాత ట్యూనర్ దగ్గరికి సౌండ్ వీడియోతో కాకుండా ఆ లాగ్ ఫైల్‌తో వెళ్లండి.