ఇసుక నేలకు ఇంటి ఎరువు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఇసుక నేలల్లో, పెరటి పాదుకు పొద్దున్న పోసిన నీటి తడి మధ్యాహ్నానికే ఆరిపోతుంది. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి కాబట్టి నీరు, అందులో కరిగిన నత్రజని, పొటాష్ వేళ్లకు అందకుండానే లోపలికి దిగిపోతాయి. బంకమన్ను రేణువుల మీది రుణ విద్యుదావేశం పొటాషియం, కాల్షియం వంటి ధన అయాన్లను పట్టి ఉంచుతుంది. ఇసుకకు ఆ గుణం లేదనే చెప్పాలి. ఆ లోటు పూడ్చేది హ్యూమస్, అంటే ఆకూ చెత్తా బాగా కుళ్లాక మిగిలే నల్లటి పదార్థం. ఇంట్లో చేసుకునే కంపోస్టుతో అది నేలకు అందుతుంది. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటే, ఇంటి కంపోస్టులో సాధారణంగా ఒకటి రెండు శాతానికి మించదు. అయినా ఇసుక నేలకు కావలసింది మేత కన్నా ముందు పట్టు అని నా అభిప్రాయం.

కంపోస్టు కుప్పలో పనిచేసే సూక్ష్మజీవులకు కర్బనం శక్తినిస్తుంది, నత్రజని వాటి దేహనిర్మాణానికి పనికివస్తుంది. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉన్నప్పుడు పని చురుకుగా సాగుతుంది. కూరగాయల తొక్కల్లో కర్బనం అంతకన్నా తక్కువ, వరిగడ్డిలోనూ ఎండుటాకుల్లోనూ చాలా ఎక్కువ. వంటింటి చెత్త మాత్రమే పోస్తే గాలి ఆడక ముద్దయి కుళ్లు వాసన కొడుతుంది. ఎండుటాకులు మాత్రమే పోస్తే నెలల తరబడి అలాగే పడి ఉంటాయి. బుట్టెడు తడిచెత్తకు రెండు మూడు బుట్టల ఎండుటాకులు కలపడం మంచిది. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు.

పొడవు, వెడల్పు, ఎత్తు మీటరేసి ఉన్న కుప్ప తన వేడిని తానే నిలుపుకొని 55 నుంచి 65 డిగ్రీల వరకు చేరగలదు. ఆ వేడి కొన్నాళ్లు నిలిస్తే కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. తిరగవేసేటప్పుడు లోపలి ఆకుల మీద బూడిద చల్లినట్టు కనిపించేది బూజు కాదు, ఆక్టినోమైసిటీస్ అనే బాక్టీరియా. తొలకరి మట్టివాసనకు మూలమైన జియోస్మిన్‌ను తయారుచేసేవి ఇవే. బాల్చీలోనో కుండీలోనో పోసిన చెత్త అంత వేడెక్కదు గాని, ఆలస్యంగానైనా ఎరువవుతుంది.

ఈ ప్రాంతంలో తేలికగా దొరికే కొబ్బరి పొట్టులో త్వరగా కుళ్లని లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ, కనుక పేడనీళ్లు చల్లి కొద్దికొద్దిగా కలపాలి. జీడి ఆకులను నలిపి వేయాలి. పలాస వైపు విరివిగా దొరికే జీడిపిక్కల తొక్కను మాత్రం కుప్పలో వేయరాదు. చర్మాన్ని పొక్కించే ఆ తొక్క రసంలోని ఫినాల్ జాతి పదార్థాలు సూక్ష్మజీవులనూ అణచివేస్తాయి.

వానలకు కుప్ప తడిసి ముద్దయితే పోషకాలు నీటితో కొట్టుకుపోతాయి, కాబట్టి పైన కొబ్బరాకుల తడిక కప్పాలి. వేసిన ఆకూ తొక్కా గుర్తుపట్టలేనంతగా మారి, కుప్ప చల్లబడ్డాకే ఎరువు తయారైనట్టు. పచ్చిది వేస్తే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకొని మొక్కలను పసుపు పట్టిస్తాయి. పాదుల్లో రెండు మూడంగుళాల మందాన పరచి, పైమట్టిలో కలపాలి. మన ఎండలకు హ్యూమస్ త్వరగా తరిగిపోతుంది కనుక ఏడాదికొకసారి మళ్లీ వేయవలసిందే.