పచ్చళ్ళు అమ్మేవాళ్ళ సోషల్ మీడియా పోస్టులు: అపోహలు - వాస్తవాలు

ఇంట్లో పచ్చళ్ళు పెట్టి ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో అమ్మేవాళ్ళ దగ్గర సరుకు బాగానే ఉంటుంది. దెబ్బతినేది పోస్టు దగ్గర. 'నోరూరించే అమ్మమ్మ చేతి రుచి, నేడే ఆర్డర్ చేయండి' అని రాస్తారు. కొనే మనిషికి కావలసింది అందులో ఒక్క ముక్కా ఉండదు. నూనె ఏది? వెల్లుల్లి వేశారా? కొరియరు ఎంత? ఎన్నాళ్ళు నిలవుంటుంది? దుకాణంలో కౌంటరు దగ్గర నిలబడి అడిగే ప్రశ్నలివే. అక్కడైతే జవాబు చెప్పడానికి మీరుంటారు. ఫోన్లో మీ బదులు పోస్టే మాట్లాడాలి. ఈ సంగతి వదిలేసి తిరుగుతున్న సలహాలు చాలా ఉన్నాయి. ఎక్కువ నష్టం చేసేదానితో మొదలుపెడదాం.

అపోహ: ధర రాస్తే కస్టమరు పోతాడు. 'ధరకు ఇన్‌బాక్స్ చేయండి' అంటే మాట కలుస్తుంది

ధర చూసి పోయేవాళ్ళు ఇన్‌బాక్సులో చెప్పాక కూడా పోతారు. మధ్యలో పోయేది మీ టైము. పైగా మనవాళ్ళకు మొహమాటం ఎక్కువ. ధర అడిగి కొనకపోతే బాగుండదేమోనని అసలు అడగకుండానే వెళ్ళిపోయేవాళ్ళు మీకు కనిపించరు, అందుకే వాళ్ళ లెక్క మీ దగ్గర ఉండదు. రాత్రి పదకొండుకు పోస్టు చూసి మెసేజ్ పెట్టినవాళ్ళకు మీరు పొద్దున్న జవాబిచ్చేసరికి ఆ కోరిక చల్లారిపోతుంది.

ధర రాయడమంటే అంకె ఒక్కటి వేయడం కాదు. కిలో అంటే సీసాతో కలిపి కిలోనా, పచ్చడే కిలోనా? కొరియరు అందులో ఉందా? ఈ రెండూ తేలకపోతే ధర రాసినా అవే ప్రశ్నలు వస్తాయి. ఒక నమూనా చూడండి. అంకెలు ఉదాహరణకే.

'బెల్లం ఆవకాయ, ఈ ఏటి కొత్తది, వెల్లుల్లి లేదు.
పచ్చడి బరువు అరకిలో: రూ. 300. కిలో: రూ. 580. సీసా బరువు ఇందులో లేదు.
కొరియరు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు కిలోకి రూ. 80. మిగతా రాష్ట్రాలకు రూ. 130.
నూనె: గానుగ పప్పునూనె. కారం మధ్యస్థం.
సోమ, బుధవారాల్లో పంపుతాం.
ఆర్డరుకు వాట్సాప్‌లో ఈ మూడూ ఒకేసారి పంపండి: పచ్చడి పేరు, ఎంత కావాలి, పిన్‌కోడ్.'

మొదటి లైన్లో విశేషణాలు లేవు, పచ్చడి పేరు, కొత్తదనం, వెల్లుల్లి సంగతి ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ మొత్తం 2,200 అక్షరాల దాకా రాయొచ్చు గానీ, తెర మీద ముందుగా కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. తెలుగులో ఇంకో చిక్కుంది. ఒత్తులు, గుణింతాలు ఒక్కొక్కటీ విడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, కంప్యూటరుకు ఆరు. కాబట్టి ముఖ్యమైన మాట మొదటి పది పదాల్లోనే పడాలి.

చివరి లైను కూడా కావాలని రాసిందే. ఏం పంపాలో చెప్పకపోతే 'హాయ్' అని వస్తుంది, మీరు 'చెప్పండి' అంటారు, ఆర్డరు తేలడానికి ఏడెనిమిది మెసేజీలు పడతాయి. సోమ, బుధవారాలే ఎందుకంటే, శుక్ర, శనివారాల్లో పంపిన డబ్బా ఆదివారం గోడౌన్లో ఆగిపోతుంది. మే నెల ఎండలో ఆ ఒక్క రోజు చాలు, నూనె మూత దగ్గరికొస్తుంది.

మీ ధర పక్కవాళ్ళకన్నా ఎక్కువైతే ఎందుకెక్కువో అక్కడే రాయండి. గానుగ నూనె వాడితే ఆ మాట, కారం మీరే పట్టిస్తే ఆ మాట. రాయడానికి కారణం దొరకకపోతే ఆలోచించాల్సింది ధర గురించే.

అపోహ: రోజూ పోస్టు పెట్టకపోతే అకౌంటు పడిపోతుంది

వారానికి మూడు పోస్టులు, మానకుండా, ఒక్కొక్కటి ఒక ప్రశ్నకు జవాబుగా పెడితే ఇంటి వ్యాపారానికి సరిపోతుంది. రోజూ పెట్టాలన్న ఒత్తిడిలోంచే 'శుభోదయం' పోస్టర్లు, ప్రతి పండక్కీ మూలన మీ లోగోతో శుభాకాంక్షలు పుడతాయి. అవి చూసి ఎవరూ పచ్చడి కొనరు. జనం చూడకుండా దాటేసే పోస్టులు ఎక్కువైతే, మీ తర్వాతి పోస్టును చూపించడానికి యాప్‌కు కారణం తగ్గుతుంది.

అసలు ఇబ్బంది ముడిసరుకుది. ఆవకాయ కాయ బాగా దొరికేది ఏడాదిలో నెలా రెండు నెలలే. ఆ రోజుల్లో పనిలో మునిగి ఎవరూ వీడియో తీయరు. ఆగస్టులో చూపించడానికేమీ లేక సీసా ఫొటోనే పదిసార్లు తిప్పి తిప్పి పెడతారు. సీజన్లో ఒక మనిషికి ఫోను అప్పగించి, ప్రతి దశకూ 10 సెకన్ల ముక్కలు తీయించండి. కాయ కడిగి పొడిగుడ్డతో తడి తుడవడం, కత్తిపీట మీద టెంకతో సహా ముక్క కొట్టడం, లోపలి జీడి, పొర తీసేయడం, ఆవపిండి జల్లించడం, ఉప్పు, కారం, మెంతులు కలపడం, నూనె పోయడం, జాడీకి వాసెన కట్టడం, మూడో రోజు తిరగ కలిపేటప్పుడు ఊట పైకి రావడం. ఒక్కో దశకు నాలుగైదు ముక్కలుంటే ఏడాది పొడుగునా రీల్స్‌కు కరువుండదు.

ఒక్కో రీల్‌కు ఒక్కటే విషయం. 'తడి ఎందుకు తుడుస్తాం' అనేది ఒక రీల్: నీటి చుక్క మిగిలితే బూజుకు దారి. 'టెంక ఎందుకు ఉంచుతాం' ఇంకోటి: ముక్క మెత్తబడి విడిపోకుండా పట్టి ఉంచేది టెంకే. ఇవి చూసినవాళ్ళకు మీకు పని తెలుసని మీరు విడిగా చెప్పుకోనక్కర్లేదు.

అపోహ: మంచి కెమెరా ఉంటేనే వీడియో

ఫోను చాలు. కిటికీ పక్కన, పగటి వెలుతురులో, ట్యూబులైటు ఆర్పేసి తీయండి. రెండు వెలుతురులు కలిస్తే ఆవకాయ ఎరుపు గోధుమరంగులోకి తిరుగుతుంది. లెన్సు మీద నూనె వేలిముద్ర తుడవండి. వంటింట్లో తీసే వీడియోల్లో మసకకు తరచూ కారణం అదే. నిలువుగా 1080 × 1920 లో తీయండి. తెర మీద రాసే మాటలు మధ్యలో ఉంచండి, కింది భాగాన్ని క్యాప్షను, కుడి అంచును గుర్తులు కప్పేస్తాయి. చాలామంది శబ్దం ఆపి చూస్తారు కాబట్టి మీరు చెప్పే మాట తెర మీద కూడా పడాలి.

అపోహ: హ్యాష్‌ట్యాగులు ఎన్ని ఎక్కువ పెడితే పోస్టు అంత పాకుతుంది

మూడు నుంచి ఐదు చాలని ఇన్‌స్టాగ్రామే క్రియేటర్లకు చెప్పింది. వెతికేవాళ్ళు మాటలతో వెతుకుతారు, ఆ మాటలు క్యాప్షన్లో, ప్రొఫైల్లోని పేరు గడిలో ఉండాలి. మనవాళ్ళలో చాలామంది తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, అదీ ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో. కాబట్టి క్యాప్షన్లో 'గోంగూర పచ్చడి' ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. ఊరి పేరు, పంపే ఊళ్ళ పేర్లు కూడా.

అపోహ: వివరాలన్నీ పోస్టర్లో ఉన్నాయి, ఇంకా టైపు చేయడమెందుకు

బొమ్మలో ఉన్న అక్షరాలు చదవాలంటే ఫోన్లో వేళ్ళతో సాగదీయాలి. కాపీ చేసి అక్కకో వదినకో పంపాలన్నా కుదరదు. చూపు లేనివాళ్ళకు ఫోను చదివి వినిపించే టాక్‌బ్యాక్‌కు కూడా అది సాఫీగా అందదు. పోస్టర్లో పచ్చడి పేరు, ధర మాత్రం పెద్దగా వేసి మిగతాదంతా క్యాప్షన్లో టైపు చేయండి.

డీటీపీ షాపులో చేయించేవాళ్ళకు ఒక జాగ్రత్త. అక్కడ వాడే అను ఫాంట్లలోని మాటర్‌ను కాపీ చేసి ఫేస్‌బుక్‌లో అతికిస్తే తెలుగు రాదు, అర్థంలేని గుర్తులొస్తాయి. ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో ఇమ్మని అడగండి, లేదా ఫోన్ కీబోర్డుతో మీరే కొట్టండి. డిజైన్ యాప్‌ల్లో ఫాంటు మార్చాక ఒత్తులున్న మాటలు మరోసారి చదవండి. కొన్ని ఫాంట్లలో ఒత్తు విడిపోయి పక్కకు పడుతుంది.

అపోహ: ట్రెండింగ్ సినిమా పాట వేస్తే రీల్ లేస్తుంది

బిజినెస్ అకౌంటు పెట్టగానే సినిమా పాటల్లో చాలావరకు కనిపించకుండా పోతాయి. యాప్‌కు ఉన్న లైసెన్సు ప్రధానంగా సొంత సరదాకి, వ్యాపార ప్రచారానికి కాదు. వేరే యాప్‌లో పాట కలిపి ఎక్కిస్తే శబ్దం ఆగిపోవచ్చు, వీడియోనే తీసేయొచ్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల కంపెనీ మెటా ఉచితంగా ఇచ్చే సౌండ్ కలెక్షన్ ఉంది. అంతకన్నా మంచిది, ముక్క కొట్టే చప్పుడు, పోపు చిటపటలు అలాగే ఉంచడం.

అపోహ: పోస్టులో ఏం రాసినా చెల్లుతుంది, అది ప్యాకెట్టు కాదు కదా

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. మన ఆహార ప్రకటనలకు ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో పెట్టిన నిబంధనలున్నాయి. సోషల్ మీడియా పోస్టు కూడా ప్రకటనే. 'షుగరు తగ్గిస్తుంది', 'మోకాళ్ళ నొప్పులు పోతాయి' లాంటి మాటలు రాయకూడదు. ఆహారం రోగాన్ని నయం చేస్తుందని చెప్పడానికి వీల్లేదు. 'డాక్టర్లు సిఫారసు చేసిన' కూడా అంతే. 'ఆర్గానిక్' అనాలంటే దానికి ధ్రువీకరణ ఉండాలి. రైతు మందు కొట్టలేదని నోటిమాటగా చెబితే సరిపోదు. '100%' అన్న మాట లేబుళ్ళ మీద, ప్రచారంలో వాడొద్దని 2025 మేలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సూచించింది. వీటి బదులు నిజం రాయండి: 'వేసినవి: మామిడికాయ, కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు, పప్పునూనె. ఇంకేమీ కలపలేదు.' ఇది చట్టానికీ సరిపోతుంది, కొనేవాళ్ళకూ ఎక్కువ నమ్మకమిస్తుంది.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు ప్యాకెట్టు మీదే కాక ప్రొఫైల్లో కూడా పెట్టండి. చికెన్, రొయ్యల పచ్చళ్ళున్న పోస్టులో ఆ సంగతి మొదటి లైన్లోనే చెప్పండి. ఒకే గిన్నెలు వాడతారా, విడివిడిగానా అన్నది కూడా. శాకాహారులు అడగడానికి సందేహించి మానేసే ప్రశ్న అది.

ఇన్‌ఫ్లుయెన్సరుకు డబ్బివ్వకుండా ఉచితంగా సీసాలు పంపినా అది ప్రచారం కిందికే వస్తుంది. ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న నియంత్రణ సంస్థ ఆస్కీ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ వీడియో ప్రకటన అని స్పష్టంగా కనిపించాలి.

అపోహ: బూస్ట్ బటన్ నొక్కితే ఆర్డర్లు

బూస్ట్ చేసేది, డబ్బు తీసుకుని పోస్టును ఎక్కువమందికి చూపించడం. ఎవరికి, దేనికోసం అన్నది మీరు చెప్పాలి. లక్ష్యం 'మెసేజీలు' అని పెట్టకపోతే లైకులకో ప్రొఫైల్ చూడటానికో డబ్బు ఖర్చవుతుంది. లెక్క ఇలా వేయండి. రూ. 500 పెట్టారు, 18% జీఎస్టీతో రూ. 590. మెసేజీలు 20, ఆర్డర్లు 4 వచ్చాయి. ఒక్కో ఆర్డరుకు రూ. 147.50 పడింది. అరకిలో మీద మీకు మిగిలేది రూ. 120 అయితే ఆ నలుగురూ మళ్ళీ కొంటేనే గిట్టుబాటు. అందుకే మొదటి బూస్టు కొత్త పోస్టుకు వద్దు. డబ్బు పెట్టకుండానే ఎక్కువమంది 'ఎలా ఆర్డరివ్వాలి' అని అడిగిన పోస్టు ఏదో చూసి దానికి పెట్టండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకు పంపేవాళ్ళు టైము కూడా చూసుకోవాలి. మన రాత్రి 7:30 వేసవిలో డల్లాస్‌లో ఉదయం 9. మన మధ్యాహ్నం పెట్టిన వాట్సాప్ స్టేటస్‌కు మొదటి కొన్ని గంటలు వాళ్ళ నిద్రలోనే గడిచిపోతాయి, 24 గంటలే కదా దాని ఆయుష్షు.

అపోహ: వాట్సాప్ గ్రూపు పెట్టి అందరినీ చేర్చేస్తే చాలు

గ్రూపులో ఒకరి నంబరు మిగతావాళ్ళకు కనిపిస్తుంది. ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న కస్టమర్లకు ఇది చాలా ఇబ్బంది. బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడండి, ఒక్కోదానిలో 256 మంది దాకా పడతారు. అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది. జాబితాకు పంపినా ఎవరూ పలకడం లేదంటే ముందు చూడాల్సింది అదే. ప్రతి పార్సిల్లో ఒక చీటీ వేయండి: 'కొత్త పచ్చళ్ళ కబురు కోసం ఈ నంబరు సేవ్ చేసుకోండి.' నెలకు రెండు మెసేజీలు దాటొద్దు.

అపోహ: చెడ్డ కామెంటు వెంటనే తీసేయాలి

బూతులుంటే తీసేయండి. 'నూనె కారింది, అట్టపెట్టె తడిసింది' అంటే మాత్రం ఉంచండి. తీసేస్తే ఆ మనిషి మళ్ళీ పెడతాడు, ఈసారి తీసేశారన్న మాట కూడా కలిపి. జవాబు రెండు మూడు వాక్యాల్లో చాలు: 'మీకు ఇబ్బంది కలిగింది, క్షమించండి. ఫొటోలో మూత కింద సీలు సరిగ్గా పడలేదని తెలుస్తోంది. రేపు కొత్త సీసా పంపుతున్నాం, ఆర్డరు వివరాలు ఇన్‌బాక్సులో అడిగాం.' ఫోన్ నంబరు, చిరునామా కామెంట్లలో రాయించొద్దు.

తప్పు అటువైపున్నా వాదనకు దిగొద్దు. బూజు ఫిర్యాదుల్లో తడి చెంచా పెట్టడం, పైన నూనె తేలకుండా ముక్కలు బయటపడటం తరచూ కనిపించే కారణాలు. కానీ అది ఆ ఒక్కరి కామెంటు కింద నేరంలా చెప్పకుండా, తర్వాతి వారం రీల్‌గా పెట్టండి: పొడి చెంచాతో తీయడం, తీశాక ముక్కలు అదిమి పైన నూనె తేలేలా చూడటం. కారిన సీసా గురించి కూడా అంతే. మూత దాకా నింపకుండా వేలెడు ఖాళీ వదలడం, సీలు వేసి సీసాను పది నిమిషాలు తలకిందులుగా పెట్టి చూడటం, కవర్లో మళ్ళీ కట్టడం, ఇవన్నీ 30 సెకన్లలో చూపించొచ్చు. ఆ రీల్ లింకును పాత కామెంటు కింద కూడా పెట్టండి.