గుర్రపువాతం: సున్నపు నీటి నుంచి సూదిమందు దాకా

నెలలు నిండుతున్న గర్భిణికి ముఖమూ కాళ్లూ నీరు పట్టి, తలనొప్పితో కళ్లు మసకబారి, ఉన్నట్టుండి మూర్ఛ వస్తే గోదావరి పల్లెల్లో పెద్దవారు దానిని గుర్రపువాతం అంటారు. గర్భంలో పెరిగిన రక్తపోటు ముదిరితే వచ్చే ఈ ముప్పుతో రెండు ఖనిజాలకు సంబంధం ఉంది: కాల్షియం ముందుజాగ్రత్తకు, మెగ్నీషియం చికిత్సకు.

మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలాలోని మాయా తెగ స్త్రీలలో ఈ మూర్ఛలు అరుదుగా ఉండటానికి, వారు మొక్కజొన్నను సున్నపు నీటిలో నానబెట్టి వండుకోవడం వల్ల అందే కాల్షియం కారణం కావచ్చునని 1980లో బెలిజాన్, విల్లార్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. ఆకువక్కకు గుల్లసున్నం రాసుకునే డెల్టావారికి ఆ మాట వింతగా తోచదు గాని, తాంబూలాన్ని మందుగా భావించకూడదు. ఆహారంలో కాల్షియం తగ్గినప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోను పెరిగి, రక్తనాళాల కండర కణాలలోకి కాల్షియం ఎక్కువగా చేరి, నాళాలు బిగుసుకుంటాయన్నది ప్రధాన వివరణ. 1997లో అమెరికాలో 4,589 మందిపై జరిపిన పరీక్షలో రోజుకు 2 గ్రాములిచ్చినా మేలు కనిపించలేదు. వారి తిండిలో కాల్షియం అప్పటికే సరిపడా ఉంది. తిండిలో అది కొరవడిన 8,325 మందికి సంబంధించి 2006లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలో మాత్రం జబ్బు పడినవారి సంఖ్య పెద్దగా తగ్గకపోయినా, దాని తీవ్రత తగ్గింది.

మన పరిస్థితి ఈ రెండో కోవకు దగ్గర. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా వరిసీమగా స్థిరపడింది. 100 గ్రాముల చోళ్లలో (రాగుల్లో) 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో ఉండేది సుమారు 10. అందుకే 2014 నాటి కేంద్ర మార్గదర్శకాలు 14వ వారం నుంచి కాన్పు తర్వాత ఆరు నెలల దాకా రోజుకు రెండు 500 మిల్లీగ్రాముల బిళ్లలు సూచించాయి. వాటిని ఐరన్ బిళ్లతో కలిపి వేసుకోకూడదు. బెంగళూరులోనూ టాంజానియాలోనూ జరిగి 2024లో వెలువడిన పరీక్షల ప్రకారం, రక్తపోటు జబ్బును నివారించడంలో రోజుకు 500 మిల్లీగ్రాముల మోతాదు 1,500కు తీసిపోలేదు. ఇది ఉత్త బలం మాత్ర అనుకొని మధ్యలో మానేయడం నిజంగా బాధాకరం.

మూర్ఛకు మెగ్నీషియం సల్ఫేటు సూదిమందే ఉత్తమమని 1995 నాటి అంతర్జాతీయ పరీక్ష తేల్చింది. 33 దేశాల్లో 10,000 మందికి పైగా గర్భిణులు, బాలింతలపై జరిగి 2002లో వెలువడిన ‘మాగ్‌పై’ అనే పరీక్షలో, అది మూర్ఛ ముప్పును సగానికి పైగా తగ్గించింది. పంటు మీద ఏరు దాటితే గాని ఆసుపత్రి చేరలేని లంక గ్రామాల గర్భిణికి బయలుదేరక ముందే తొలి మోతాదు పడటం ప్రాణంతో సమానం. అయితే మోకాలిపై తడితే కాలు ఎగిరే ప్రతిచర్య పోయినా, శ్వాస నిమిషానికి 16కు లోపడినా తర్వాతి మోతాదు ఆపాలి. ఊపిరి ఆగే స్థితి వస్తే విరుగుడుగా నరంలోకి ఎక్కించేది మళ్లీ కాల్షియమే, గ్లూకోనేటు రూపంలో 1 గ్రాము.