తలరాత, ప్రమాణం, స్వేచ్ఛ: కొన్ని అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు తత్వశాస్త్రం చెప్పబట్టి ఇరవై ఏళ్లు దాటింది. నియతివాదం పాఠం మొదలుపెట్టిన రోజే ఎవరో ఒకరు లేస్తారు. "అన్నీ ముందే నిర్ణయమైపోయి ఉంటే మేం చదివి ఏం లాభం సార్?" ఈ మాట నిజమని నమ్మి, సప్లిమెంటరీ ఫీజు కూడా కట్టకుండా ఊరికెళ్లిపోయిన కుర్రాణ్ణి చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నియతివాదమంటే తలరాతే.

వాస్తవం: నువ్వేం చేసినా జరిగేది జరుగుతుందనేది తలరాత. జరిగే ప్రతిదానికీ కారణాలుంటాయనేది నియతివాదం. ఆ కారణాల్లో నీ చదువూ ఒకటి. 'కోలుకునే రాత ఉంటే వైద్యుణ్ణి పిలవకున్నా కోలుకుంటావు' అనేదాన్ని గ్రీకులు సోమరి వాదమన్నారు. కోలుకోవడం రాసిపెట్టి ఉంటే వైద్యుణ్ణి పిలవడమూ దాంతోపాటే రాసి ఉంటుందని గ్రీకు తత్వవేత్త క్రిసిప్పస్ జవాబు. మా అమ్మ కూడా "స్వామి పిలిస్తేనే కొండకు పోయేది" అనేది. అంటూనే తెల్లవారుజామున అలిపిరిలో మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ ఎక్కేది. మొత్తం 3,550 మెట్లు.

అపోహ: మన శాస్త్రాలన్నీ విధినే నమ్మమన్నాయి.

వాస్తవం: గీత 18వ అధ్యాయం పనికి ఐదు కారణాలు చెప్పింది. దైవం వాటిలో ఐదోది. అదే అధ్యాయం చివర్లో కృష్ణుడు "యథేచ్ఛసి తథా కురు" అంటాడు. బాగా ఆలోచించుకుని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యమని.

అపోహ: మనకంటే ముందే మెదడు నిర్ణయిస్తుందని సైన్స్ తేల్చేసింది.

వాస్తవం: 1983లో అమెరికా మెదడు శాస్త్రవేత్త లిబెట్ చేసిన ప్రయోగంలో చెయ్యి కదలడానికి దాదాపు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో సంకేతం మొదలైంది. కదపాలన్న కోరిక మనిషికి తెలిసింది 200 మిల్లీసెకన్ల ముందు. కానీ ఆ సంకేతం నిర్ణయమే కానక్కర్లేదని, మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు పోగై అలా కనిపించవచ్చని 2012లో షర్గర్ అనే మెదడు పరిశోధకుడి బృందం చూపింది. పైగా మణికట్టు ఆడించడం, పెళ్లికి ఒప్పుకోవడం ఒకటి కాదు కదా. అణువుల లోపల కొన్ని సంఘటనలు యాదృచ్ఛికంగా జరుగుతాయి కాబట్టి క్వాంటం భౌతికశాస్త్రం మనకు స్వేచ్ఛనిచ్చిందనే వాళ్లూ ఉన్నారు. యాదృచ్ఛికంగా పడే పాచిక నా ఎంపిక ఎలా అవుతుంది?

అపోహ: కారణం ఉందంటే స్వేచ్ఛ లేనట్టే.

వాస్తవం: స్వేచ్ఛకు విరోధి బలవంతం, కారణం కాదని స్కాట్లాండ్ తత్వవేత్త హ్యూమ్ 1748లోనే రాశాడు. అది నాకు పుస్తకంలో కన్నా కాణిపాకంలో బాగా అర్థమైంది. తాగుడు మానేస్తానని మా మేనమామ కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడ్డాడు. చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు ఆయన వశంలో లేదు. అక్కడిదాకా రావడానికి కారణాలున్నాయి: అత్త పుట్టింటికి పోయింది, డాక్టరు హెచ్చరించాడు, దేవుడంటే భయం. అయినా ఆ ప్రమాణం ఆయనది కాదని నేను అనలేను. ఎవరూ రెక్క పట్టి లాక్కురాలేదు. రేపు తాను ఎలా ఉంటాడో తనకే నమ్మకం లేక, ఇవాళే ఒక కొత్త కారణాన్ని తనకు తాను తెచ్చిపెట్టుకున్నాడు. స్నేహితులు పిలిస్తే "కాణిపాకంలో ప్రమాణం చేసినాన్రా, నన్ను పిలవొద్దండి" అనేవాడు. బ్రాందీ షాపున్న వీధి వదిలేసి, చెరువుకట్ట మీదుగా చుట్టు తిరిగి ఇంటికొచ్చేవాడు.