చివరి వరుసలో కూర్చోబెట్టిన మనిషి: అపోహలు - వాస్తవాలు

క్యాబిన్ క్రూగా పదమూడేళ్లు చేశాను, అందులో ఎక్కువ భాగం యూరప్ రూట్లలోనే. స్వీడన్‌లో ఒకమ్మాయి విమానంలో నిలబడి, దేశం నుంచి బలవంతంగా పంపేస్తున్న (డిపోర్ట్ చేస్తున్న) మనిషిని దింపేదాకా నేను కూర్చోను అంటూ ఏడుస్తూ తీసిన వీడియో ఉంది కదా, అది మా బంధువుల గ్రూపులో తిరిగినప్పుడల్లా నాకు ఒకటే మెసేజ్ వస్తుంది: "అక్కా, నిజంగా అలా ఆపొచ్చా?" ఒక్క ముక్కలో చెప్పలేను, అందుకే ఇదంతా.

అపోహ: ఒక్కరు నిలబడితే చాలు, విమానం ఆపాల్సిందేనని రూలుంది.

అలాంటి రూలేమీ లేదు. ఉన్నదల్లా మా రోజువారీ పని. అందరూ కూర్చోవాలి, బెల్టు పెట్టుకోవాలి, నడిచే దారి ఖాళీగా ఉండాలి, అప్పుడే మేం కెప్టెన్‌కి "క్యాబిన్ రెడీ" అని చెప్తాం. ఒక్క మనిషి నిలబడి ఉన్నా ఆ మాట చెప్పలేం, చెప్పకపోతే విమానం కదలదు. ఇక నిలబడ్డవాళ్లను దింపాలా, పోలీసులు తెచ్చిన మనిషిని దింపాలా, ఇద్దర్నీ దింపాలా అన్నది కెప్టెన్ ఇష్టం. 2018 జూలై 23న గోథెన్‌బర్గ్‌లో, ఇస్తాంబుల్ వెళ్లే విమానంలో ఆ వీడియోలోని అమ్మాయి, ఎలిన్ ఎర్సన్, నిలబడింది. ఒకాయన ఆమె ఫోన్ లాక్కోబోయాడు, మరో పక్క వెనకాల సీట్లలోని ఫుట్‌బాల్ టీమ్ కుర్రాళ్లు కూడా లేచి నిలబడ్డారు. చివరికి ఆమెనూ, పంపేస్తున్న ఆ మనిషినీ ఇద్దర్నీ దింపారు. ఇక్కడ చాలామందికి తెలియనిదొకటి ఉంది: ఆమె ఏ కుర్రాడి కోసం టికెట్ కొనుక్కుని ఎక్కిందో అతను అసలు ఆ విమానంలోనే లేడు, ఉన్నది 52 ఏళ్ల వేరే అఫ్గాన్ మనిషి.

అపోహ: పక్కన పోలీసులున్నారంటే ఏదో పెద్ద నేరమే చేసుంటాడు.

మాకిచ్చే కాగితంలో పేరు, సీటు నంబరు, ఎస్కార్ట్ (అంటే వెంట వచ్చే పోలీసులు, గార్డులు) ఎంతమంది, అంతే. ఏం చేశాడన్నది క్రూకి కూడా చెప్పరు. మా భాషలో వీళ్లలో రకాలున్నాయి. ఎస్కార్ట్‌తో వచ్చేవాళ్లు డీఈపీఏ, ఎస్కార్ట్ లేకుండా పంపేవాళ్లు డీఈపీయూ. వీళ్లు కాకుండా ఇన్యాడ్ అని ఇంకోటి, అంటే ఎయిర్‌పోర్టు దాటకుండానే వెనక్కి తిప్పి పంపినవాళ్లు. 2023 ఆగస్టులో అమెరికా నుంచి ఒక్కరోజే 21 మంది విద్యార్థుల్ని వెనక్కి పంపారు, అందులో మన తెలుగు పిల్లలే చాలామంది, గుర్తుందా? అది ఈ ఇన్యాడ్ బాపతు. మామూలుగా వాళ్లను ఎవరూ చేతులు కట్టి తీసుకురారు, పాస్‌పోర్టు మాత్రం కవర్లో పెట్టి క్రూ చేతికిస్తారు, దిగాక అక్కడి స్టాఫ్‌కి అప్పగిస్తాం. గల్ఫ్ నుంచి ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి రావడానికిచ్చే కాగితం) మీద వచ్చే నిజామాబాద్, జగిత్యాల మనుషులైతే మామూలు ప్రయాణికుల్లో కలిసిపోయి కూర్చుంటారు, పక్క సీటువాళ్లకు కూడా తెలియదు.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది, అది చెప్పకపోతే మోసం చేసినట్టే. 2018 అక్టోబరులో లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టులో, సోమాలియాకి పంపిస్తున్న ఒకతన్ని దింపేయమని ప్రయాణికులంతా గోల చేశారు, దింపారు, చప్పట్లు కొట్టారు. తర్వాత బయటపడింది, అతను సామూహిక అత్యాచారం కేసులో శిక్షపడ్డవాడని. సీటులో కూర్చుని ఒక మనిషి మొహం చూసి, మంచివాడో చెడ్డవాడో తేల్చడం ఎవరి వల్లా కాదు. కెప్టెన్ వల్లా కాదు, నా వల్లా కాలేదు.

అపోహ: దింపేశారంటే బతికిపోయినట్టే.

వాయిదా పడినట్టు, అంతే. మళ్లీ టికెట్ తీస్తారు, ఈసారి ఇంకో ఇద్దరు ఎస్కార్ట్ ఎక్కువొస్తారు, లేదంటే చార్టర్ విమానం పెడతారు, అందులో అడ్డుపడటానికి ప్రయాణికులే ఉండరు. 2025 ఫిబ్రవరి 5న 104 మంది మనవాళ్లను సంకెళ్లతో తెచ్చి అమృత్‌సర్‌లో దింపింది అమెరికా సైనిక విమానం. అక్కడ ఎవరు లేచి నిలబడతారు? అలాగని వాయిదా అంటే ఏమీ లేదనీ కాదు. పైన చెప్పిన హీత్రూ మనిషిని చివరికి పంపింది 2023లో. అంతకాలం కోర్టుల్లో నడిచింది. కేసులో నిజంగా బలమున్నవాడికి లాయర్ దొరకడానికి ఒక్క వారం దొరికినా గొప్పే.

అపోహ: మంచి పనికే కదా, మనల్నేం చేస్తారు?

చేస్తారండీ. ఎర్సన్‌కి 2019 ఫిబ్రవరిలో కోర్టు 3,000 క్రోనర్ల జరిమానా వేసింది. తలుపులు మూసిన క్షణం నుంచి విమానం లోపల 1963 నాటి టోక్యో ఒప్పందం ప్రకారం కెప్టెన్ మాటే చట్టం, మిమ్మల్ని కట్టేయమనే అధికారం కూడా ఆయనకుంది. వీసా మీద బతుకుతున్న మన పిల్లలు ఇది రెండుసార్లు ఆలోచించుకోవాలి. గాల్లోకి లేచాక మాత్రం ఈ ఆలోచనే వద్దు. నలుగురైదుగురు లేచి ఎస్కార్ట్ మీదికి వెళ్తే తొక్కిసలాట అవుతుంది, దాంతో ఆ మనిషికి ఒరిగేదేమీ లేదు.

అపోహ: ఎయిర్‌లైన్, క్రూ అంతా పోలీసుల పక్షమే.

భద్రతకు ఇబ్బంది అనిపిస్తే ఎక్కించుకోనని చెప్పే హక్కు కెప్టెన్‌కి ఉంది, వాడుకుంటారు కూడా. 2017 జనవరి నుంచి సెప్టెంబరు వరకు జర్మనీలో 222 డిపోర్టేషన్లు పైలట్లు ఒప్పుకోకపోవడంతో ఆగాయి. పేపర్లు దాన్ని పైలట్ల మనస్సాక్షి కథలా రాశాయి. నాతో పనిచేసిన కెప్టెన్లలో మనస్సాక్షి ఉన్నవాళ్లు చాలామందే, కానీ వాళ్లు చూసేది ఒకటే: ఈ మనిషి ఇలా పెనుగులాడుతుంటే ఎనిమిది గంటలు వెళ్లగలనా? 2018లో వర్జిన్ అట్లాంటిక్ అయితే కంపెనీ స్థాయిలోనే, బ్రిటన్ హోం ఆఫీసుకి (అక్కడి హోంశాఖకి) ఈ పనికి ఇక సాయపడబోమని చెప్పేసింది.

ఇప్పుడు అన్నింటికన్నా ప్రమాదకరమైనది. ప్రయాణికులే కాదు, ట్రైనింగ్ తీసుకున్న ఎస్కార్ట్ వాళ్లు కూడా నమ్మింది.

అపోహ: అంత గట్టిగా అరుస్తున్నాడంటే ఊపిరి బాగానే ఆడుతున్నట్టు.

కాదు. చేతులు వెనక్కి విరిచి బేడీలు వేసి, బెల్టు బిగించి, తలను మోకాళ్ల వైపు వంచి నొక్కితే ఛాతీ విచ్చుకోదు, పొట్ట లోపలికి నొక్కుకుపోతుంది. నాలుగు మాటలు అరవడానికి సరిపడే గాలి బయటికి వస్తుంది, లోపలికి మాత్రం చాలినంత పోదు. 2010 అక్టోబరు 12న హీత్రూలో, అంగోలా వెళ్లాల్సిన విమానం చివరి వరుసలో జిమ్మీ ముబెంగా ఇలాగే చనిపోయాడు. ఊపిరాడట్లేదని అతను అరవడం ముందు వరుసల దాకా వినిపించింది. పక్కనే ఉన్న ముగ్గురు గార్డులు మాత్రం మాకు వినిపించలేదన్నారు. 2013లో మరణ విచారణ జ్యూరీ దాన్ని చట్టవిరుద్ధమైన హత్యగా తేల్చింది, 2014 డిసెంబరులో క్రిమినల్ కోర్టు ముగ్గుర్నీ వదిలేసింది. ఆ రెండు చోట్లా అసలేం జరిగిందో చెప్పింది టికెట్ కొనుక్కుని కూర్చున్న మామూలు ప్రయాణికులు. అంతకు ముందు 1998 సెప్టెంబరులో బ్రస్సెల్స్‌లో, ఇలాగే పంపేస్తున్న ఇరవయ్యేళ్ల పిల్ల సెమీరా అదాము మొహాన్ని దిండుకేసి నొక్కారు. ఆమె చావుతో బెల్జియం హోంమంత్రి రాజీనామా చేశాడు.

అందుకే నిలబడాలా వద్దా అని నన్ను అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది వేరు. తలుపులు మూయకముందే సీనియర్ క్రూని పిలవండి. "వెనకాయన తల కిందికి నొక్కి పట్టుకున్నారు, కెప్టెన్‌కి చెప్పండి" అని, చూసింది చూసినట్టు చెప్పండి. అన్యాయం, మానవత్వం అని మొదలుపెడితే మేం సర్దిచెప్పే ధోరణిలోకి వెళ్లిపోతాం, అదే ఊపిరి అన్న మాట వినగానే ట్రైనింగ్ గుర్తొస్తుంది. టైము, సీటు నంబరు ఫోన్‌లో రాసుకోండి.

నా మొదటి ఏళ్లలో ఒకసారి వెనక వరుసలో అరుపులు ఆగిపోతే హమ్మయ్య అనుకుని ట్రాలీ లాక్కుంటూ ముందుకెళ్లిపోయాను. సర్వీస్ అయ్యాక వెళ్లి చూస్తే ఆయన దుప్పటి కింద ఏడుస్తున్నాడు, బాగానే ఉన్నాడు. అది నా అదృష్టం. ఆ తర్వాత ఎప్పుడూ, అరుపులు ఆగితే ట్రాలీ వదిలేసి ముందు వెనక్కే వెళ్లేదాన్ని. మీరు ప్రయాణికులుగా ఉన్నప్పుడు మేం వెళ్లకపోతే కాల్ బటన్ నొక్కండి, ఎవరూ రాకపోతే మళ్లీ నొక్కండి.