వూథాయ్ కొండ, యెన్‌మెన్ కనుమ: షింజౌ యాత్ర మీద అపోహలు - వాస్తవాలు

చైనా టూర్లు ప్లాన్ చేయడం నా పని. బీజింగ్, షాంఘై, షియాన్ చూసి వచ్చినవాళ్లు, ముఖ్యంగా బౌద్ధం మీద ఆసక్తి ఉన్నవాళ్లు, రెండోసారి వూథాయ్ కొండ గురించి అడుగుతారు. మంజుశ్రీ బోధిసత్వుడి క్షేత్రం అది. షాన్‌షీ ప్రావిన్స్‌లో, షింజౌ నగరం పరిధిలో ఉంది. చరిత్రలో పేరున్న యెన్‌మెన్ కనుమ కూడా ఆ పరిధిలోదే. నాలుగు వీడియోలు చూసి ప్లాన్ వేసుకుని వచ్చేవాళ్లతో ప్రతిసారీ చెప్పాల్సి వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: షింజౌలో హోటల్ తీసుకుంటే రెండు రోజుల్లో అన్నీ చుట్టేయొచ్చు.

వాస్తవం: కుదరదు. అక్కడ నగరం అంటే పట్టణంతో పాటు చుట్టూ ఉన్న చిన్న జిల్లాలన్నీ కలిసిన పరిధి, మన పెద్ద జిల్లా అంత ఉంటుంది. షింజౌ విస్తీర్ణం దాదాపు 25 వేల చదరపు కిలోమీటర్లు. విభజించక ముందు మన అనంతపురం జిల్లా 19 వేలే. పట్టణం ఒకచోట, తూర్పున వూథాయ్ కొండ, ఉత్తరాన యెన్‌మెన్ కనుమ, మధ్యలో అంతా ఘాట్ రోడ్లు. పేర్లు చూసి టికెట్ కొంటే ఇంకో ఇబ్బంది. వూథాయ్‌షాన్ పేరుతో ఉన్న పాత రైల్వే స్టేషన్ ఫాన్‌షీ జిల్లాలోని షాహె పట్టణంలో ఉంది. అక్కడి నుంచి గుళ్లున్న థాయ్‌హ్వాయ్ ఊరికి కొండదారిలో దాదాపు 50 కిలోమీటర్లు. అదే పేరున్న విమానాశ్రయం కూడా కొండ మీద లేదు, డింగ్‌షియాంగ్ జిల్లాలో ఉంది. అందుకే నేను థాయ్‌హ్వాయ్‌లో రెండు రాత్రులు, కనుమకు దగ్గరగా ఉన్న దైషియెన్‌లో ఒక రాత్రి ఉండమంటాను.

అపోహ: పాత గుళ్లన్నీ మావో కాలపు సాంస్కృతిక విప్లవంలో (1966-76) పోయాయి. ఇప్పుడున్నవి కొత్తగా కట్టి రంగులేసినవే.

వాస్తవం: చైనాలో నిలిచి ఉన్న అతి పాత కొయ్య కట్టడం ఇక్కడే ఉంది. నాన్‌ఛాన్ ఆలయం ప్రధాన మందిరం, క్రీ.శ. 782 నాటిది. చాలా చిన్నది, లోపల ఒక్క స్తంభం కూడా లేదు. 845లో థాంగ్ చక్రవర్తి వూజోంగ్ బౌద్ధం మీద విరుచుకుపడి వేల ఆలయాలు కూలగొట్టించినప్పుడు మారుమూల పల్లెలో ఉండటం వల్ల ఇది బతికిపోయింది. ఫోగ్వాంగ్ ఆలయం బతకలేదు. అయితే పన్నెండేళ్లకే, 857లో, దాని తూర్పు మందిరాన్ని మళ్లీ కట్టారు. ఇప్పుడు మనం చూసేది దాన్నే.

దీన్ని గుర్తించిన కథ చెప్పకుండా నేను ఏ గ్రూపునీ లోపలికి తీసుకెళ్లను. థాంగ్ కాలపు కొయ్య కట్టడాలు చైనాలో మిగల్లేదని, చూడాలంటే జపాన్ రావాల్సిందేనని అప్పట్లో జపాన్ పండితులు అనేవారు. వాయవ్య చైనాలోని దున్‌హ్వాంగ్ బౌద్ధ గుహల్లో 61వ దానిలోని వూథాయ్ కుడ్యచిత్రంలో ఫోగ్వాంగ్ పేరు చూసి, పాత కట్టడాల మీద పరిశోధన చేసే చైనా వాస్తుశిల్పులు లియాంగ్ స్సూఛెంగ్, లిన్ హ్వేయిన్ దంపతులు 1937 వేసవిలో కంచరగాడిదల మీద వెతుక్కుంటూ వచ్చారు. పైకప్పు దూలం అడుగున మసక సిరా అక్షరాలు లిన్ కంట పడ్డాయి. కట్టించిన దాత పేరు నింగ్ గోంగ్‌యు, ఒక స్త్రీ. బయట ఉన్న రాతి స్తంభం మీదా అదే పేరు, పక్కనే 857కు సరిపోయే తేదీ. ఆ స్తంభం మీద చెక్కింది ఉష్ణీష విజయ ధారణి అనే బౌద్ధ మంత్రం. అది ఉన్న సూత్రాన్ని భారతదేశం నుంచి తెచ్చినవాడు బుద్ధపాలి అనే భిక్షువు. మొదటిసారి 676లో ఉత్త చేతులతో వూథాయ్‌కి వస్తే, ముసలివాడి రూపంలో మంజుశ్రీ ఎదురై "సూత్రం తెచ్చావా?" అని వెనక్కి పంపాడని అక్కడి ఐతిహ్యం. మన వైపు నుంచి వెళ్లినవాళ్లు ఆగి చూడాల్సిన రాయి అది. చాలామంది దాని పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతారు.

ఈ రెండు గుళ్లూ టికెట్ తీసుకుని వెళ్లే వూథాయ్ కేంద్ర భాగంలో లేవు. ఫోగ్వాంగ్‌కు థాయ్‌హ్వాయ్ నుంచి కారులో గంట పైనే పడుతుంది, నాన్‌ఛాన్ ఇంకా దూరం. టూర్ బస్సులు రావు. థాయ్‌హ్వాయ్‌లో రంగులతో మెరిసే మందిరాల్లో చాలావరకు మింగ్, చింగ్ వంశాల కాలాలవి (1368-1912), ఆ తర్వాత బాగుచేసినవి. కోర్కెలు తీరుస్తాడని పేరున్న వూయె గుడిలో తోపులాట చెప్పక్కర్లేదు. ఒక్క పూటే ఉంటే నేను వూయె వదిలేసి ఫోగ్వాంగ్‌కే వెళ్తాను. చూరు కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన భారీ కొయ్య దిమ్మెలు చూడండి. దాదాపు నాలుగు మీటర్లు ముందుకు చొచ్చుకొచ్చిన చూరును మోస్తున్నవి అవే.

అపోహ: దైషియెన్‌లోని అశోక స్తూపం అశోకుడు కట్టించినది.

వాస్తవం: కాదు. ఇప్పుడున్న ఇటుక స్తూపం యువాన్ కాలం నాటిది, 1275లో కట్టారు. అశోకుడు 84 వేల స్తూపాలు కట్టించాడన్న నమ్మకం చైనా బౌద్ధుల్లోనూ ఉంది, అక్కడ ఇంకా చాలా స్తూపాలకు ఆయన పేరుంది.

అపోహ: యెన్‌మెన్ కనుమలో కనిపించే గోడ రెండు వేల ఏళ్లది.

వాస్తవం: కనుమ చరిత్ర అంత పాతదే. క్రీ.పూ. మూడో శతాబ్దంలో జావ్ రాజ్య సేనాని లీ మూ, ఉత్తరాది నుంచి దాడి చేసే ‘ష్యోంగ్‌ను’ అనే సంచార తెగలను ఈ ప్రాంతంలోనే నిలువరించాడు, పదో శతాబ్దం చివర్లో సోంగ్ వంశం కాలంలో యాంగ్ వంశం సేనానులు ఇక్కడ కాపలా కాశారు. గోడ మాత్రం అప్పటిది కాదు. ఈ కోటను 1374లో మింగ్ పాలకులు కట్టారు. పైనున్న బురుజులు, దారి పక్క దుకాణాలు ఈ మధ్య బాగుచేసినవి, కొత్తగా కట్టినవి. నిజంగా పాతదనం తెలిసేది పైన చూస్తే కాదు, కాళ్ల కింద చూస్తే. రెండు ద్వారాల మధ్య రాతిబాట మీద బండి చక్రాల గాడులు లోతుగా పడి ఉన్నాయి.

బాగుచేయని గోడ చూడాలనుకుంటే కొండకు అవతలి వైపు, పక్క నగరం పరిధిలోని గ్వాంగ్‌వూకు వెళ్లండి. ఫొటోల్లో చూసిన ఒంటరి తోరణం కోసం మాత్రం వెతకొద్దు. అది 2016 అక్టోబరులో కూలిపోయింది.

అపోహ: కొండకు వేలాడే గుడి వూథాయ్‌లోనే ఉంది.

వాస్తవం: అది దాథోంగ్ పరిధిలోని హున్‌యువాన్‌లో ఉంది. ఉత్తరం వైపు వెళ్లేవాళ్లకు దారిలో కలుస్తుంది, అంతే.

అపోహ: లాసా లాగే ఆక్సిజన్ టెన్షన్, స్పెషల్ పర్మిట్ రెండూ ఉంటాయి.

వాస్తవం: థాయ్‌హ్వాయ్ ఊటీ కన్నా తక్కువ ఎత్తులో ఉంది. ఐదు శిఖరాల్లో ఎత్తయిన ఉత్తర శిఖరం మాత్రం 3,060 మీటర్ల దాకా వెళ్తుంది. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్లు పైకి వెళ్లే ముందు డాక్టర్ను అడగాలి. మిగతావాళ్లను ఇబ్బంది పెట్టేది ఎక్కువగా చలిగాలే. జూలైలో కూడా జాకెట్ ఉండాలి. టిబెట్‌కు అడిగే ప్రత్యేక పర్మిట్ ఇక్కడ అక్కర్లేదు, చైనా వీసా చాలు.

అపోహ: శాకాహారులు పచ్చళ్లు, పొడులు మోసుకెళ్లకపోతే పస్తే.

వాస్తవం: పొడి డబ్బా తీసుకెళ్లండి, కాదనను. కానీ గుళ్ల దగ్గరి శాకాహార భోజనశాలల్లో మాంసం, గుడ్డే కాదు, బౌద్ధ నియమం ప్రకారం ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. మన ఇళ్లలో ఉల్లి తినని పెద్దవాళ్లకు చైనాలో ఇంతకన్నా నిశ్చింతైన చోటు నాకు తెలియదు. ఇబ్బంది మామూలు హోటళ్లలోనే. కూరగాయల నూడుల్స్ అని ఇచ్చినదాంట్లో కూడా మాంసం ఉడికించిన రసం ఉండొచ్చు. "మాంసం, గుడ్డు, మాంసం రసం వద్దు" అని చైనీస్‌లో రాయించి ఫోన్లో పెట్టుకోండి. షాన్‌షీవాళ్లు ఓట్స్ పిండిని సన్నటి గొట్టాల్లా చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. దానికి వాళ్ల నల్ల వెనిగర్, మిరప నూనె కలుపుకుంటే మన నాలుకకు బాగానే నచ్చుతుంది.

గుళ్లో పాటించాల్సినవి మనకు కొత్తేమీ కావు. గడప తొక్కకూడదు, దాటాలి. లోపల విగ్రహాలకు ఫొటోలు తీయొద్దు. జాతకం చెబుతామని, పెద్ద అగరుబత్తి కట్ట కొనమని ఎవరైనా వెంటపడితే ఆగకుండా వెళ్లిపోండి, మూడు పుల్లలు వెలిగిస్తే సరిపోతుంది. ఇక డబ్బు విషయం: అలీపే యాప్‌లో మీ అంతర్జాతీయ కార్డును ఇక్కడే, బయల్దేరక ముందే కలుపుకోండి. అక్కడికెళ్లాక ఓటీపీ కోసం అవస్థ పడే పని ఉండదు.