టిన్ మెషీన్: లెక్కలోంచి జారిపోయిన మూడేళ్లు

ఈ జనవరి 10న ఇంగ్లిష్ రాక్ గాయకుడు డేవిడ్ బౌవీని తలుచుకుందామని విశాఖలో పాత రాక్ వినే పాతికమంది దాకా లాసన్స్ బే కాలనీలో ఒక మేడ మీద కూడారు. వినబోయే పాటల జాబితా కాగితం అందరి చేతికీ ఇచ్చారు. అందులో 1987 ఆల్బమ్ తర్వాత నేరుగా 1993 ఆల్బమ్ ఉంది.

‘మరి టిన్ మెషీన్ ఏది బాబూ?’ అని వెనక కుర్చీలోంచి ఒక పెద్దాయన అడిగారు.

‘అది సైడ్ ప్రాజెక్టు కదా అంకుల్’ అన్నాడు జాబితా రాసిన కుర్రాడు.

ఆ పూట పాటలు సగంలోనే ఆగిపోయాయి. వాదన మాత్రం ఇప్పటికీ ఆగలేదు.

బౌవీ ఎవరో, డెబ్బైల్లో ఎన్ని వేషాలు మార్చాడో ఇది చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తగువంతా బౌవీ మరో ముగ్గురితో కలిసి కట్టిన టిన్ మెషీన్ అనే బ్యాండు పేరుతో 1989లో, 1991లో వచ్చిన రెండు స్టూడియో ఆల్బమ్‌ల మీద. వాటిని బౌవీ జీవితంలో ఒక దారితప్పిన ముచ్చటగా కొట్టిపారేయడం చాలామందికి అలవాటైపోయింది. ఆ అలవాటు ఎక్కడ మొదలైందో చూస్తే నాకు కనిపించేది 1991లో జరిగిన రికార్డు కంపెనీ మార్పు.

మొదటి ఆల్బమ్‌ను 1989 మేలో ఈఎంఐ కంపెనీ విడుదల చేసింది. అమ్మకాల పట్టికలో బ్రిటన్‌లో 3వ స్థానం దాకా, అమెరికాలో 28 దాకా ఎక్కింది. ఆ అంకెలు చూసి దాన్ని ఫ్లాపు అనడానికి నోరు రాదు. రెండోది బయటికి వచ్చే వేళకి ఈఎంఐతో తెగిపోయింది. ‘టిన్ మెషీన్ 2’ను 1991 సెప్టెంబరు 2న విక్టరీ మ్యూజిక్ అనే కొత్త కంపెనీ తెచ్చింది. బ్రిటన్‌లో 23తో సరిపెట్టుకుంది, అమెరికాలో 126 దాటి పైకి పోలేదు. అమ్మకాలు పడిపోవడం ఒక ఎత్తు, ఆ తర్వాత జరిగింది ఒక ఎత్తు. తొంభైల్లో బౌవీ పాత ఆల్బమ్‌లు మళ్లీ అచ్చయినప్పుడు మొదటి టిన్ మెషీన్ కూడా వాటితోపాటు వచ్చింది. రెండోది వేరే కంపెనీ చేతిలో పడింది కాబట్టి ఆ వరసలోకి రాలేదు. ఎల్పీగా, అంటే వినైల్ రికార్డుగా, అది మళ్లీ మార్కెట్లోకి వచ్చింది 2020లో. అంటే దాదాపు ముప్పై ఏళ్లు. విని నచ్చలేదన్నవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ మధ్యలో ఒక తరం ఆ పాటలు వినే వీలే లేక, అప్పటి ఇంగ్లిష్ సంగీత పత్రికలు తిట్టిన తిట్లనే తన అభిప్రాయంగా మోస్తూ వచ్చింది.

జాబితా గురించి అడిగిన పెద్దాయన మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మొదటి ఆల్బమ్ క్యాసెట్టు 1990లో సింగపూర్‌లో కొన్నారట. మొన్న వాళ్లింటికి వెళ్తే చూపించారు. మూలల్లో ఉన్న బుల్లి స్క్రూలు ఉప్పుగాలికి తుప్పెక్కి ఉన్నాయి. టేపు వెనక ఆనుకునే స్పంజి ముక్క ఎప్పుడో ఊడిపోతే ఇంకో క్యాసెట్టుది పీకి అంటించారు. అట్ట మీద ముదురు రంగు సూట్లలో నలుగురు మనుషులు, పైన బ్యాండు పేరు, అంతే. బౌవీ పేరు విడిగా ఎక్కడా లేదు. ‘నలుగురిలో ఒకడిగా ఉంటానన్నాడండీ ఆయన. అది మనవాళ్లకి తక్కువగా కనపడింది’ అన్నారాయన.

ఆయన చెప్పిన కథ మొదలయ్యేది 1987 గ్లాస్ స్పైడర్ టూర్‌లో. వేదిక మీద ఒక పెద్ద సాలీడు, దాని కింద డాన్సర్లు, ఊరూరా స్టేడియాలు. ఆ టూర్‌కి ప్రచారం పనులు చూసిన సారా టెర్రీ భర్త రీవ్స్ గాబ్రెల్స్ మాటిమాటికీ తెరవెనక్కి వచ్చి బౌవీతో కబుర్లు చెప్పేవాడు. తాను గిటారిస్టునన్న సంగతి మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. టూర్ చివర్లో సారా అతని టేపు బౌవీ చేతిలో పెట్టింది. అది విని బౌవీ 1988లో ఫోన్ చేశాడు. డ్రమ్స్‌కి హంట్ సేల్స్, బేస్‌కి అతని అన్న టోనీ కలిశారు. 1977లో రాక్ గాయకుడు ఇగ్గీ పాప్ ‘లస్ట్ ఫర్ లైఫ్’ ఆల్బమ్‌లో వాయించిన జంట అది. బౌవీకి కొత్తవాళ్లేమీ కాదు.

స్టూడియోలో నలుగురూ ఒక్కసారిగా వాయిస్తుంటే రికార్డు చేశారు. బౌవీ పాట రాసి మళ్లీ దిద్దబోతే సేల్స్ అన్నదమ్ములు ఒప్పుకునేవారు కాదు, మొదట వచ్చిందే ఉంచమనేవారు. 1989లో చిన్న చిన్న హాళ్లలోనే వాయించారు, బౌవీ పాత హిట్లు ఒక్కటీ ముట్టుకోలేదు. అప్పటికి ‘లెట్స్ డాన్స్’ వచ్చి ఆరేళ్లు. ఆ పాట కోసం టికెట్టు కొన్నవాడికి మండదా? మండుతుంది. ఆ మంటే పత్రికల్లోకీ ఎక్కిందని నా నమ్మకం.

పాటలు చూడండి. ‘అండర్ ద గాడ్’ నియో నాజీల మీద సూటిగా దెబ్బకొడుతుంది. ‘షాపింగ్ ఫర్ గర్ల్స్’ థాయిలాండ్‌లో పిల్లలతో జరిగే వ్యాపారం గురించి. విలేకరిగా ఆ వ్యాపారం మీద పరిశోధించింది ఆ సారా టెర్రీయే, బౌవీకి టేపు ఇచ్చినామె. ‘టిన్ మెషీన్ 2’ వచ్చిన మూడు వారాలకు, సెప్టెంబరు 24న, నిర్వాణా అనే బ్యాండు ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ వచ్చింది. గరుకు గిటార్ల హోరును ప్రపంచం నెత్తిన పెట్టుకుంది. అదే హోరు బౌవీ నోట వస్తే వయసు మళ్లినవాడి వేషం అన్నారు. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

అవతలివాళ్లకూ వాదన ఉంది. రెండో ఆల్బమ్‌లో రెండు పాటలు హంట్ సేల్స్ పాడాడు, వాటిలో ‘స్టేట్‌సైడ్’ సాగదీత అంటారు. కాదనలేను. వాళ్ల అసలు బలం మాత్రం పెట్టెల్లో ఉంది. 2015 నుంచి బౌవీ ఆల్బమ్‌లను కాలక్రమంలో ఆరు బాక్స్ సెట్లుగా, అంటే కొన్నేళ్ల ఆల్బమ్‌లు ఒక్కో పెట్టెలో పెట్టి, వేశారు. 2018లో వచ్చిన దాని మీద 1983–1988 అని ఉంది. దాని తర్వాతది 2021లో వచ్చింది, మీద 1992–2001 అని. మధ్య మూడేళ్లకు పెట్టె లేదు. అధికారికంగానే వదిలేసినప్పుడు మా జాబితాలో వదిలేస్తే తప్పేంటని కుర్రాడు అడుగుతున్నాడు. పెట్టెలు బౌవీవి, టిన్ మెషీన్ నలుగురిది, అందుకే పక్కన పెట్టారన్నది అతని మాట.

కానీ బౌవీ దాన్ని వదిలేయలేదు. 1992 ఫిబ్రవరిలో టోక్యో బుడోకాన్‌లో బ్యాండు ఆఖరిసారి వాయించాక కూడా గాబ్రెల్స్‌ను వెంట ఉంచుకున్నాడు. 1995 ‘అవుట్‌సైడ్’, 1997 ‘ఎర్త్‌లింగ్’, 1999 ‘అవర్స్’ అన్నిట్లో ఆ గిటారే ఉంది. టిన్ మెషీన్ మొదటి ఆల్బమ్‌లోని ‘ఐ కాంట్ రీడ్’ను మళ్లీ పాడి, 1997లో ‘ది ఐస్ స్టార్మ్’ సినిమాకి ఇచ్చాడు. తను సిగ్గుపడే పాటను ఎవరూ ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ పాడరు.

వచ్చే ఆదివారం అదే మేడ మీద 2020 ఎల్పీని రెండు వైపులా పూర్తిగా వినాలని అనుకున్నారు. మొదటి ఆల్బమ్ మాత్రం క్యాసెట్టు మీదే వినాలని పెద్దాయన పట్టు. ఆయన టేప్ రికార్డర్‌లో బెల్టు సాగిపోయింది. దాన్ని పట్టుకుని పూర్ణా మార్కెట్ వైపు రిపేరు షాపుల చుట్టూ తిరుగుతున్నది ఆ కుర్రాడే.